ఒక ఆకులో ఇద్దరం

మా మేనత్త చేతివేళ్లు ఎప్పుడూ మోదుగాకు వాసన వచ్చేవి. ఆమె పోయి ఎన్నేళ్లయినా పొద్దు వాలే వేళకు నా ముక్కు ఆ వాసన కోసం వెతుక్కుంటుంది. ఇప్పుడు మా ఇంట్లో అన్నీ స్టీలు కంచాలే. తోమితే మెరుస్తాయి, ఏ వాసనా రావు. మోదుగ విస్తళ్లు ఎక్కడైనా దొరుకుతాయా అని అడిగితే మా కోడలు "ఎందుకత్తయ్యా, ఎవరిదైనా తద్దినమా?" అంది. ఆమెను అనేదేముంది? అవి ఎందుకు కావాలో నేను ఎవరికీ చెప్పలేదు కదా.

మాది ఆత్మకూరు బజారులో అంగడి ఇల్లు. ముందు అంగడి, దాని వెనక ఇల్లు, ఇంకా వెనక వసారా, బర్రెల కొట్టం. అంగడిలో నాయన మాట చెల్లేది, ఇంట్లో అవ్వ మాట. అమ్మది వంటిల్లు. మేనత్తకు మిగిలింది ఆ వెనక వసారా. ఆమె నాయనకు అక్క. ఉదయగిరిలో ఇచ్చారు. పంతొమ్మిదో ఏట మొగుడు పోతే పుట్టింటికి వచ్చేసింది. తాత పోయినప్పటి నుంచి అవ్వ పాటించే నియమాన్నే కూతురికీ పెట్టారు. అన్నం మధ్యాహ్నం ఒక్కపూటే. పొద్దుగూకితే మెతుకు ముట్టకూడదు. ఒక గ్లాసు మజ్జిగ, ఉంటే ఒక అరటిపండు. అవ్వ యాభై దాటాక పట్టిన నియమం అది. అత్తకు పంతొమ్మిదేళ్లకే వచ్చింది. ఆ తేడా ఇంట్లో ఎవరికీ కనిపించలేదు. నాకూ కనిపించలేదు, నేనేదో తెలివిగలదాన్నని చెప్పుకోను.

ఉదయగిరి కొండల నుంచి మోదుగాకు మోపులు బస్సు పైన వచ్చేవి. అత్త వసారాలో కాళ్లు చాపుకుని కూర్చుని, చీపురుపుల్లలు విరిచి, ఆకుకు ఆకు చేర్చి విస్తళ్లు కుట్టేది. పొద్దున మొదలుపెడితే సాయంత్రానికి ఆమె పక్కన విస్తళ్ల కట్ట మోకాలెత్తు లేచేది. అందరూ తినడానికి ఆకులు కుట్టే మనిషి తను తినేది మాత్రం రోజుకు ఒక్క ఆకు. ఇది కూడా నాకు చాలా ఆలస్యంగా తట్టింది.

ఇక నా సంగతి. నాకు రెండేళ్లప్పుడు జ్వరం వచ్చి చేయి దాటిపోయే పరిస్థితి వస్తే, బిడ్డ దక్కితే బెల్లంతో తులాభారం వేయిస్తానని నాయన పెంచలకోన స్వామికి మొక్కుకున్నాడు. నేను దక్కాను. మొక్కు మాత్రం రేపు మాపని జరుగుతూ వచ్చింది. ఒక ఏడు వానలు లేవు, ఒక ఏడు మైల, ఒక ఏడు ఎద్దుకు కుంటు. రెండేళ్ల పిల్లకు మొక్కిన బెల్లాన్ని చివరికి పదమూడేళ్ల పిల్లకు చెల్లించాల్సి వచ్చింది. స్వరాజ్యం వచ్చిన మూడో ఏడో నాలుగో ఏడో, వైశాఖమాసపు ఎండలో రెండు బండ్లు కట్టుకుని చుట్టాలతో సహా బయలుదేరాం.

నేను బొద్దుగా ఉండేదాన్ని. ముద్దుగా పెంచారు, బాగా తినేదాన్ని, అందులో సిగ్గుపడేదేదో ఉందని అప్పటిదాకా నాకు తెలియదు. పెద్ద తక్కెడ కట్టి ఒక తట్టలో నన్ను కూర్చోబెట్టారు. రెండో తట్టలో బెల్లం దిమ్మెలు పేరుస్తూ పోయారు. బెల్లం అయిపోవచ్చింది గానీ నా తట్ట నేల వదలలేదు. అప్పుడు నాకు పెదనాయన వరసయ్యే ఒకాయన, గొంతు పెద్దది, నలుగురిలో నవ్వించడం ఆయనకు సరదా, గట్టిగా అన్నాడు.

"ఏందిరా ఇది, బండెడు బెల్లం తెచ్చినా చాలేటట్టు లేదే! రాపూరికి మనిషిని పంపండిరా ఇంకో బండికి!"

అందరూ నవ్వారు. నాయనా నవ్వాడు. ఆయనది గర్వంతో వచ్చిన నవ్వు, మా ఇంటి బిడ్డ ఇంత నిండుగా ఉంది చూడండి అని. అది నాకు ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం తట్టలో మోకాళ్లు దగ్గరికి ముడుచుకుని, ఇంతమంది కళ్ల ముందు ఎక్కడ దాక్కోవాలో తెలియక కూర్చున్నాను. చివరికి ఎవరో ఇంత బెల్లం అరువు తెచ్చి పైన పెడితే తట్ట కదిలింది. ఆ బెల్లాన్నే చితక్కొట్టి అందరికీ పంచారు. నాకిచ్చిన ముక్కను అరచేతిలో పట్టుకుని, అది చెమటకు కరిగిపోయేదాకా ఉండి, బండి చక్రానికి తుడిచేశాను.

ఆ పెదనాయన పోయి చాలా కాలమైంది. నేను మాత్రం ఇంకా క్షమించలేదు.

తిండి మానేయడానికి ఇప్పటి పిల్లలకు ఎన్ని అబద్ధాలు కావాలో తెలియదు. నాకు ఒక్కటి చాలింది, ఒక్కపొద్దు. శనివారం వెంకటేశ్వరుడికి అని మొదలుపెట్టాను. అవ్వ ముఖం చాటంతయింది. రెండు వారాలకు సోమవారం శివుడికన్నాను. తర్వాత గురువారం, శుక్రవారం, మంగళవారం, ఆపైన ఏకాదశి. మనకు దేవుళ్లకు కరువా? రెండు నెలలు తిరిగేసరికి వారంలో రెండుపూటలా తినాల్సిన రోజులు రెండే మిగిలాయి. తినే పూట కూడా ముద్దలు లెక్కపెట్టుకునేదాన్ని. మొదట ఏడు దాటకూడదు అనుకున్నాను. తర్వాత ఆరు. తర్వాత అయిదు. మిగిలిందంతా ఎవరూ చూడకుండా బర్రె కుడితి తొట్టిలో పోసేదాన్ని. ఆ ఏడు మా బర్రె ఎన్నడూ లేనన్ని పాలిచ్చింది.

ఎవరికీ అనుమానం రాలేదు. వేరే ఊళ్లో, వేరే ఇంట్లో అయితే పిల్ల చిక్కిపోతోందని గోల చేసేవాళ్లేమో. మా ఇంట్లో మెచ్చుకున్నారు. బజారు ఆడవాళ్లు తమ కూతుళ్లను వెంటబెట్టుకుని వచ్చి నన్ను చూపించేవాళ్లు. "చూడు ఆ యమ్మిని, పదమూడేళ్లకే ఎంత నిష్ఠగా ఉండాదో! నువ్వుండావు, తెల్లారితే తిండే!" ఆ మాటలు నాకు ఎంత తియ్యగా ఉండేవో చెప్పలేను. తట్టలో కూర్చున్న పిల్లను చూసి నవ్విన ఊరే నన్ను చూసి చేతులు జోడిస్తోంది. ఇంక అన్నమెందుకు?

మండే ఎండలో నాకు చలివేసేది. దువ్వెన పెడితే జుట్టు చేతికి వచ్చేది. బడి మెట్ల దగ్గర ఒకసారి కళ్లు తిరిగి పడ్డాను. డాక్టరు టానిక్కు రాసిచ్చాడు, అమ్మ తాయెత్తు కట్టించింది. ఆ జబ్బుకు ఒక పేరుంటుందని, మందు కన్నా ముందు ఎదురుగా కూర్చుని మాట్లాడే మనిషి కావాలని మాకెవరికీ తెలియదు.

అత్త పట్టుకుంది. కుడితి తొట్టి దగ్గర కంచం వంచుతుంటే వెనక నుంచి మెల్లగా అంది.

"మూడు నెలల నుంచి నువ్వు బయట చేరలా. నేను చూస్తానే ఉండా."

నా చేతిలో కంచం జారి తొట్టిలో పడింది. ఇక అరుస్తుంది, అవ్వను పిలుస్తుంది అనుకున్నాను. ఆమె కుడితిలో చేయి పెట్టి కంచం తీసి, కడిగి నా చేతికిచ్చింది. "సాయంత్రం రా. ఆకులు కుట్టేదానికి చేయి సాయం కావాల" అని వెళ్లిపోయింది.

వెళ్లాను. ఆకులు కుట్టాను. అంతే. వారం రోజులు ఆమె తిండి మాటే ఎత్తలేదు. పుల్ల ఎట్లా విరవాలో, ఈనె పక్కన ఎట్లా గుచ్చాలో చెప్పింది. ఉదయగిరి కొండ మీద పొగమంచు దిగితే పట్టపగలే ఎదురింటి గోడ కనబడదని, పెళ్లయిన కొత్తలో తనకు ఆ మంచు చూసి భయమేసిందని చెప్పింది. చేతులకు పని ఉంటే నోటికి దారి దొరుకుతుందని ఆమెకు ఎవరు చెప్పారో! ఎనిమిదో రోజో తొమ్మిదో రోజో, నావైపు చూడకుండా ఆకు మీదే కళ్లు పెట్టి అడిగింది.

"నాకు ఇంట్లోనోళ్లు చెప్పి మానిపించినారు. నీకెవురూ చెప్పకుండానే మానుకున్నావు. ఎందుకో చెప్పు పాపా. ఎవురికీ చెప్పనులే."

చెప్పాను. తట్ట గురించి, నవ్వుల గురించి, చేతిలో కరిగిన బెల్లం గురించి. ఇంత చిన్న సంగతా అంటుందేమోనని భయం. ఆమె అనలేదు. నేను ఏడ్చినంతసేపూ ఆకులు కుడుతూనే ఉంది, మధ్యలో ఒకసారి కొంగుతో నా ముక్కు తుడిచింది. తర్వాత తన సంగతి చెప్పింది. మొదటి ఏడాదంతా పొద్దుగూకితే ఆకలికి కడుపు పట్టుకుని ఏడ్చేదట. రెండో ఏడు ఏడుపు ఆగిందట.

"ఆకలిని గెలిచినాననుకున్నా. శానా గొప్పగా ఉన్నింది. అందరూ పొగిడినారు. ఆ గొప్ప నాకు తెలుసు పాపా. అది కడుపు నింపదు. నీది నింపిందా?"

నేను తల అడ్డంగా ఊపాను.

మరుసటి సాయంత్రం, దీపం పెట్టే వేళకు ముందు, ఆమె ఒక చిన్న ఆకు పరిచింది. మధ్యాహ్నం తనకు పెట్టిన అన్నంలో సగం గిన్నె కింద దాచింది. అది తీసి పెరుగు కలిపి ఆకులో పెట్టింది.

"నువ్వు తినే పన్లేదు. నేను తింటా. ఎవురైనా వస్తారేమో చూస్తా ఉండు, నాకు తోడు కూర్చో. నాకు భయంగా ఉండాది."

పంతొమ్మిదేళ్ల తర్వాత ఆమె సాయంత్రంపూట అన్నం ముట్టిన రోజది. ముద్ద ఎత్తింది, నోటి దాకా తెచ్చింది, చేయి వణికింది. పెట్టుకోలేకపోయింది. మళ్లీ ఎత్తింది. ఆమె కళ్లలో నీళ్లు చూసి నాకు ఏం చేయాలో తోచలేదు. "ఏం కాదులే అత్తా, ఇదిగో చూడు" అని అదే ఆకులోంచి ఒక ముద్ద తీసి నేను నోట్లో పెట్టుకున్నాను. అప్పుడు ఆమె తింది. ఒకరి ఎంగిలి ఒకరు తాకని ఇల్లు మాది. ఆ ఇంట్లో వెనక వసారాలో, ఒక ఆకులో ఇద్దరం.

అలా మొదలైంది. రోజూ బాగా జరిగిందని చెప్పను. ఒకరోజు ఆకు విసిరికొట్టాను. ఇంకోరోజు తిన్నది దొడ్లో కక్కేసి వచ్చాను. ఆమె ఏమీ అనేది కాదు. మరుసటి రోజు అదే వేళకు అదే ఆకు. ఒక్క విషయంలోనే కోపపడేది. నా పెదవులు కదలడం చూసి తెలుసుకునేది.

"ముద్దలు లెక్కపెట్టబాక. ఎన్ని తింటివో నీకెందుకు? నాతో మాట్లాడు."

మాట్లాడుతూ తినేదాన్ని. లెక్క తప్పేది. నాలుగు నెలలకు జుట్టు నిలిచింది. ఒక పొద్దున బయట చేరాను. అమ్మ ఆనందంతో ఏడ్చింది. తాయెత్తు పనిచేసిందనుకుంది, అనుకోనీలే అని అత్త నాకు కన్నుగీటింది. నా బతుకులో అంత సుఖపడిన రోజులు మళ్లీ రాలేదు. పెళ్లి, ఉద్యోగం, పిల్లలు అన్నీ చూశాను. అయినా ఆ వసారాలో ఆ చిన్న ఆకు ముందు కూర్చున్న సాయంత్రాలే కావాలనిపిస్తుంది.

నా ముఖాన రంగు చూసి సంతోషపడ్డది అమ్మ ఒక్కతే కాదు. ఒక మధ్యాహ్నం నాయన భోజనానికి కూర్చుని అందరూ వినేలా చెప్పాడు.

"బిడ్డ కోలుకుంటే మళ్లా తులాభారం వేయిస్తానని స్వామికి మొక్కుకోని ఉండా. ఈ వైశాఖంలో పోదాం."

పాపం, ఆయనకు ఏం తెలుసు? ప్రేమ చూపించాలంటే ఆయనకు తెలిసిన దారి అదే. ఆ సాయంత్రం నేను వసారాకు వెళ్లలేదు. మరుసటి రోజూ వెళ్లలేదు. ఒక్కపొద్దులు మళ్లీ మొదలయ్యాయి. ఈసారి అయిదు ముద్దల దగ్గర ఆగలేదు, రెండుకు వచ్చాను. పది రోజులకు మంచం దిగడానికి గోడ పట్టుకోవాల్సి వచ్చింది. అత్త వచ్చి నా పక్కన కూర్చుంది. "తులాభారమా?" అంది. అవునన్నాను. లేచి వెళ్లింది.

మగవాళ్లు భోజనాలు చేసే నడవలోకి ఆమె అడుగు పెట్టడం నేను ఎప్పుడూ చూడలేదు. ఆ రోజు పెట్టింది. నేను గోడ పట్టుకుని వచ్చి స్తంభం వెనక నిలబడ్డాను.

"అబ్బయా, ఆ బిడ్డను మళ్లా తక్కెట్లో కూర్చోబెడితే మనకు దక్కదు."

నాయన చేయి ఆకులోనే ఆగిపోయింది. అవ్వ లేచింది. "మొక్కు తప్పితే స్వామి ఊరుకుంటాడా? ఏం మాట్లాడతా ఉండావు?"

"ఆ పాపం నా మీద ఏసుకుంటా. ఆ బిడ్డది భక్తి కాదు. ఆ రోజు అందురూ నవ్వినారని తిండి మానేసింది."

"నీకెట్టా తెలుసక్కా?" అన్నాడు నాయన.

ఆమె అబద్ధం చెప్పి ఉండొచ్చు. పిల్ల చెప్పింది అని ఊరుకుని ఉన్నా సరిపోయేది. కానీ నాయన నమ్మాలి. నమ్మకపోతే వైశాఖం వస్తుంది. అందుకని మొత్తం చెప్పింది.

"నాలుగు నెలల నుంచి రోజూ పొద్దుగూకే ఏళకు దాంతో కూర్చోని నేనూ అన్నం తింటా ఉండా. ఒక ఆకులో. అట్ట తింటేనే అది తినింది. కావాలంటే దాన్నే అడుగు."

నాయన స్తంభం వైపు చూశాడు. అవునని తల ఊపాను. నోరు తెరిచి ఒక్క మాట, మా అత్త లేకపోతే నేను చచ్చిపోయేదాన్ని అనే ఒక్క మాట అనలేకపోయాను. అవ్వ నేల మీద కూలబడి, నా కడుపున ఎట్లా పుట్టినావే అని తల బాదుకుంటోంది. అవ్వ కూడా ఎన్నో ఏళ్లుగా సాయంత్రాలు ఆకలితో పడుకున్న మనిషే. అందుకే ఓర్చుకోలేకపోయిందేమో.

నాయన తక్కెడ మాట మళ్లీ ఎత్తలేదు. నన్ను ఇంట్లోనే ఉంచి ఒక్కడే పెంచలకోనకు వెళ్లి, బండెడు బెల్లాన్ని తూకం లేకుండా, కనబడిన వాళ్లందరికీ దోసిళ్లతో పంచి వచ్చాడు. దేవుడికి చెల్లిందో లేదో గానీ నాకు చెల్లింది. అత్త విషయంలో మాత్రం అవ్వ దిగిరాలేదు. నెల తిరగకుండానే ఉదయగిరికి, మొగుడి తమ్ముడి ఇంటికి పంపించేశారు. తోటికోడలికి పనిలో సాయం కావాలట. వెళ్లే రోజు అవ్వ గది తలుపు తీయలేదు. గడప దగ్గర మాత్రం ఒక ఊరగాయ జాడీ, గుడ్డతో మూతి కట్టి, పెట్టి ఉంది.

బస్సు దగ్గరికి నేనే వెళ్లాను. ఆమె నా చెంప మీద చేయి పెట్టింది.

"దీపం పెట్టే ఏళకు నేనాడ ఆకు ముందు కూర్చుంటా. నువ్వీడ కూర్చో. నేను తింటా ఉండాననుకోని తిను. ఒక్కదాన్నే ఉండాననుకోబాక."

అలాగే తిన్నాను. ఆరేళ్లు. ఆమె ఉత్తరాలు రాసేది కాదు, రాయడం రాదు. రెండు నెలలకొకసారి బస్సు పైన విస్తళ్ల కట్ట వచ్చేది. అన్నిటికన్నా పైన ఒక చిన్న ఆకు ఉండేది. అది నాది. తినబుద్ధి కాని సాయంత్రాలు చాలానే వచ్చాయి. అక్కడ అత్త ముద్ద ఎత్తి నాకోసం ఆగి ఉంటుంది, నేను తినకపోతే ఆమె చేయి వణుకుతుంది అనుకునేదాన్ని. అనుకుని తినేదాన్ని.

టీచరు ట్రైనింగు అయ్యి వింజమూరులో ఉద్యోగం వచ్చాక, మొదటి సెలవు రోజున ఎవరినీ అడగకుండా ఉదయగిరి బస్సెక్కాను. కొండ నీడ పడే వీధిలో ఇల్లు. అత్త పెరట్లో ఉందన్నారు. తోటికోడలు నన్ను కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, గొప్పగా చెప్పింది.

"మీ అత్త మాదిరి మనిషిని నేను చూళ్లేదమ్మా. ఆరేళ్ల నుంచి ఈ ఇంట్లో పొద్దుగూకితే మెతుకు ముట్టింది లేదు. రోజూ దీపం పెట్టే ఏళకు ఒక ఆకు ఏసుకోని, దాని ముందర ఊరికే కూర్చుంటాది. ఏం వ్రతమో చెప్పదు. దీపం పెట్టినాక ఆ ఆకు తీసి ఆవుకు ఏస్తాది."

నేను నీళ్ల గ్లాసు కింద పెట్టేశాను. ఆరేళ్లు ఆమె తింటోందనుకుని నేను తిన్నాను. ఆమె ఖాళీ ఆకు ముందు కూర్చుని నాకు తోడున్నది. నాకు ఎంత కోపం వచ్చిందో! ఎవరి మీదో తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

పెరట్లోకి వెళ్లాను. చిక్కిపోయింది, జుట్టు నెరిసింది, వేళ్లు మాత్రం అదే వాసన. నన్ను పట్టుకుని చూసి, చూసి, "నిండుగా ఉండావు పాపా" అంది. ఆ మాట నా చెవులకు బాధ కలిగించకపోవడం బతుకులో అదే మొదటిసారి.

సాయంత్రం నేనే ఆకు పరిచాను. వంటింట్లోకి పోయి, అడగకుండా, అన్నంలో పెరుగు కలుపుకొచ్చి ఆకులో పెట్టి ఆమె ఎదురుగా కూర్చున్నాను. ఆమె వాకిలి వైపు చూసింది.

"ఈ ఇంట్లో వద్దు పాపా."

"నువ్వు తినకపోతే నేనూ తినను. ఈ రోజే కాదు."

ఆమె ముఖం తెల్లబోయింది. ఎంత కిరాతకపు మాటో తెలిసే అన్నాను. "ఆ మాట ఇంకెప్పుడూ అనబాక" అంది. తర్వాత చేయి కడుక్కుంది. తోటికోడలు వాకిట్లోకి వచ్చి, చూసి, నిలబడింది. లోపలికి తిరిగి వెళ్లిపోయింది.

అత్త ముద్ద ఎత్తింది. చేయి వణికింది. ఈసారి నేను ముందు తినలేదు, ఆగాను. ఆమే తింది. నేనూ తిన్నాను. ఏం మాట్లాడుకున్నామో ఒక్క ముక్కా గుర్తులేదు, కొండ మీద వెలుతురు పోయేదాకా ఒక ఆకులో ఇద్దరం కూర్చున్నాం. మళ్లీ సెలవులకు వస్తానన్నాను. ఆ సెలవులు వచ్చేలోపే ఆమె పోయిందని బస్సు మీద కబురొచ్చింది, విస్తళ్ల కట్ట రావాల్సిన నెలలో.

ముద్దలు లెక్కపెట్టవద్దని నాకు నేర్పింది ఆమే. ఆ సాయంత్రం ఆమె ముద్దలు నేను లెక్కపెట్టాను. అయిదు. ఇంకొకటి తినిపించి ఉండాల్సింది.